హంస రెక్కల మధ్య పీచ్ పండ్లు

సభకు అధ్యక్షత వహిస్తున్న ఆశా గారికి, మనలో చాలామంది పుట్టకముందే ఖోబర్‌లో దుకాణం తెరిచిన పెద్దలు మౌలాలి గారికి, మా తరన్నుమ్ టీచర్‌కి, శుక్రవారం మధ్యాహ్నపు ఎండలో ఇంత దూరం, ఊరవతల విడిదిల్లు ఈ ఇస్తిరాహకి వచ్చిన అందరికీ నమస్కారం, సలాం. తన వీడ్కోలు సభకు తనే వంట చేసి, ఇంకా వంటగది గుమ్మంలోనే నిలబడి ఉన్న ఖలందర్ మామకు వేరే నమస్కారం. మామా, ఇక్కడ మీ కుర్చీ ఖాళీగా ఉంది. (నవ్వులు)

ఇరవై ఆరేళ్ళు సౌదీలో, ఇక్కడి ఒక హోటల్లో తీపి వంటకాలు చేసిన మామ రేపు ఫైనల్ ఎగ్జిట్ మీద, ఇక తిరిగి రాకుండా, రాయచోటి వెళ్ళిపోతున్నారు. ఆయన మంచితనం గురించి పెద్దలు చెప్పారు. నేను ఆయన చేసే పీచ్ మెల్బా గురించి చెబుతాను. అది పూర్తయ్యేలోపు ఇంకొక మాట కూడా చెప్పాలి. దానికోసమే నాన్నను బతిమాలి ఈ మైకు దగ్గరికి వచ్చాను.

మామ రూములో ఆరుగురికి ఒకటే పొయ్యి. అందుకని ప్రతి శుక్రవారం జుమా నమాజు కాగానే మా ఇంటికి వచ్చి, అమ్మను వంటగదిలోంచి పంపించేసేవారు. (నవ్వులు) పీచ్ పండ్లను మరిగే నీళ్ళలో ముంచి, వెంటనే ఐసు నీళ్ళలో వేసేవారు. నేను గోటితో తోలు లాగబోతే, "పీకద్దు పాపా, రోంత సేపు ఓర్చుకో, అదే ఇడుస్తాది" అనేవారు. ఆ రోంత సేపట్లోనే నాకు కథ చెప్పేవారు.

నూట ముప్పై ఏళ్ళ కిందట లండన్‌లో, తన ఊరు మెల్‌బోర్న్ పేరులోంచి తన పేరు తీసుకున్న మెల్బా అనే గాయని, పడవను హంస లాక్కొచ్చే ఒక సంగీత నాటకంలో పాడిందట. ఆ పాట విన్న ఎస్కోఫియే అనే ఫ్రెంచి వంటమాస్టరు మంచుగడ్డతో హంసను చెక్కించి, దాని రెక్కల మధ్య వెండి గిన్నె పెట్టి, వెనిల్లా ఐస్‌క్రీం మీద పీచ్ పండ్లు, వాటి మీద సాలెగూడు లాంటి చక్కెర దారాలు అమర్చి ఆమె ముందుంచాడట. ఎర్రటి రాస్ప్‌బెర్రీ రసం కొన్నేళ్ళ తర్వాత వచ్చి చేరిందట. మామకు ఈ కథ చెప్పింది, పని నేర్పింది హోటల్లోని లెబనాన్ ఉస్తాద్. ఒక రంజాన్‌లో రాస్ప్‌బెర్రీ దొరక్క మామ పైన ఇఫ్తార్‌లో అందరూ తాగే ద్రాక్ష షర్బత్, విమ్టో పోశారు. పండగయ్యాక అసలు రసం పోస్తే, ఇదేంటి, మా మెల్బా ఎక్కడ అని సౌదీ వాళ్ళు గిన్నెలు వెనక్కి పంపారు. అప్పటినుంచి ఖోబర్ మెల్బాకి విమ్టోనే. (నవ్వులు)

బయట దుమ్ముగాలికి కిటికీలన్నీ పసుపురంగుకి తిరిగేవి. మామ ఫ్రిజ్ తెరిస్తే తెల్లటి చల్లపొగ నేల మీదికి జారేది. అందులో నాకు హంస మెడ కనిపించేది. విన్న పాటను నాలుక మీద పెట్టవచ్చని, కరిగిపోయే దాన్ని మాటల్లో నిలపవచ్చని నాకు తెలిసింది ఆ వంటగదిలోనే.

పదో తరగతిలో ప్రసంగ పోటీకి ఈ కథే చెప్పాను. క్లాసు పిల్లలందరికీ పంచడానికి మామ ఐసు పెట్టెలో మెల్బా కప్పులు తెచ్చి, హోటలు యూనిఫాంలోనే గుమ్మం దగ్గర నిలబడ్డారు. నేను చెప్పడం అయ్యాక తరన్నుమ్ టీచర్, "చాలా బాగుంది కావ్యా, ఈ కథ నీకెవరు చెప్పారు?" అని అడిగారు. నేను గుమ్మం వైపు చూశాను. మామ వంగి, పెట్టెలోంచి కారిన నీళ్ళను భుజం మీది గుడ్డతో తుడుస్తున్నారు. మా ఇంటికి వచ్చే వంటాయన చెప్పాడంటే నవ్వుతారేమో అనిపించింది. "పుస్తకంలో చదివాను మేడమ్" అన్నాను. మొదటి బహుమతి ఇచ్చారు. మామే ముందుగా చప్పట్లు కొట్టారు.

తర్వాతి శుక్రవారం కూడా వచ్చారు. పండ్లు ఉడికించారు. ఏమీ అడగలేదు. ఈ రెండేళ్ళలో ఎన్నో కొత్త మాటలు ఇష్టంగా నేర్చుకున్నాను గానీ, ఆ పాత మాటను మాత్రం సరిదిద్దలేదు. రేపు ఆయన విమానం ఎక్కేస్తారు. తరన్నుమ్ టీచర్, ఆ రోజు మీకు అబద్ధం చెప్పాను. ఆ కథ నాకు చెప్పింది ఖలందర్ మామ.

(గుమ్మం దగ్గర గుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఖలందర్ గారు: "నేను ఇన్నది యాడ పాపా ఆ దినం? ముప్పై ఆరు కప్పులు తెచ్చింటి, పిల్లోళ్ళు నలభై మంది ఉండ్రి. ఎట్ల సరిపెట్టల్లా అనే యోచనలో ఉంటి. ఇంగ చాలు, రా, కూచో." నవ్వులు)

సభలోని పెద్దలారా, ఆయన నిజంగానే వినలేదో, మీ ముందు నా తల వంగకూడదని అలా అంటున్నారో నాకు తెలియదు. రేపటి తర్వాత అడిగి తెలుసుకునే శుక్రవారం కూడా లేదు. అయినా మామా, వినలేదంటున్నారు కాబట్టి, ఆ గుడ్డ పక్కన పెట్టి, ఒక్కసారి నా వైపు చూడండి. మళ్ళీ చెబుతాను. ఈ కథ నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. రాయచోటి షేక్ ఖలందర్ గారు మా వంటగదిలో నిలబడి నాకు చెప్పారు.

ఇంతసేపు ఓపికగా విన్న మీకు, మైకు ఇచ్చిన ఆశా గారికి కృతజ్ఞతలు. మామా, మీరు క్షేమంగా ఇల్లు చేరాలి. నాకిక సెలవు.