కొట్టని టికెట్లు

కొండ బస్సుల సంస్థ డైరెక్టరమ్మ గదిలో, రిటైరవబోతున్న కండక్టరు టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"పై ఊరి బస్సు నిజంగానే ఆపేస్తున్నారా అమ్మా?"

"రేపటి నుంచే. సంతకం పెట్టేశాను బాబాయ్."

"రోజూ కిక్కిరిసి వెళ్తుందే!"

"రికార్డులో ఖాళీగానే వెళ్తోంది. ఏడాది మొత్తానికి పట్టుమని పది టికెట్లు లేవు."

"అదీ... ఆస్పత్రికి దిగే ముసలాళ్లు, బడి పిల్లలు. వాళ్లకి టికెట్ కొట్టడానికి నాకు చేతులు రాలేదమ్మా. కావాలంటే ఆ మాటే రాసిస్తాను."

"రాసిస్తే నీ పెన్షన్ పోతుంది, బస్సు మాత్రం రాదు. పైవాళ్ల కాళ్లావేళ్లా పడ్డాను. టికెట్లు చూపించమన్నారు."

"మరి ఆ పిల్లలు బడికెలా వస్తారు?"

ఆమె కిటికీ వైపు తిరిగింది.

"నేను పదేళ్లు నీ బస్సులోనే వచ్చాను బాబాయ్. నాకూ ఏనాడూ టికెట్ కొట్టలేదు నువ్వు."