గరుకు పలకలు

మార్చి నెల, యోషినో కొండ కింద ఊరు. కొండ నిండా సుగి అనే దేవదారు జాతి చెట్లు. ఎనిమిదేళ్ళ కోహరు బడికెళ్ళింది. ఆ పిల్ల గదిలో తల్లి చినాత్సు, గడప అవతల తాత కిన్‌జో.

“మళ్ళీ తడిగుడ్డేనా? పొద్దున్నే తుడిచావుగా అమ్మాయ్.”

“గుడ్డ చూడండి మామయ్యగారూ. మళ్ళీ పసుప్పచ్చగా.”

“సుగి చెట్లు పూసే కాలం. పుప్పొడి రాకుండా ఉంటుందా? కిటికీ మూసుకో.”

“తెరిచి నెలయింది. బట్టలు కూడా లోపలే ఆరేస్తున్నా. అయినా ఈ గదిలో పడుకుంటే చాలు, తెల్లారేసరికి దాని కళ్ళు వాచిపోతాయి. ఊపిరి తీస్తే ఈల.”

“బడి నుంచి తెచ్చుకుంటోందేమో.”

“బడిలో తుమ్మదట. టీచరే చెప్పింది.”

“అయితే పరుపు—”

“మార్చాను.”

“కర్టెన్లు—”

“తీసేశాను. డాక్టరు గోడలు దేంతో చేశారని అడిగారు.”

“గోడలా? గోడలకేం?”

“నున్నటి గోడైతే తుడిస్తే పోతుందట. గరుకు చెక్కయితే పుప్పొడిని పట్టుకుని కూర్చుంటుందట. ఈ గోడల సుగి పలకలు ఎక్కడ ఆరబెట్టారు?”

“ఎక్కడేమిటి? మా నాన్న ఆరబెట్టిన చోటే. కొండ మీద, సుగి చెట్ల కింద.”

“ఏ నెలలో?”

“నువ్వేమన్నా పోలీసువా?”

“ఏ నెలలో మామయ్యగారూ?”

“...ఫిబ్రవరి. మార్చి.”

“పైగా చిత్రిక పట్టలేదు.”

“పడితే చెట్టు చెట్టులా ఉంటుందా? మీ ఆయన పుట్టినప్పుడు నాటింది. ముప్పై ఎనిమిదేళ్ళు పెంచి, మనవరాలి గదికని నా చేత్తో కోశాను. ఊడబీకమంటావా?”

“నేనలా అనలేదు.”

“అనలేదు. పెట్టె సర్దావు. చూశాను.”

“రేపు ఉత్తరాన మా అక్క దగ్గరికి. అక్కడ సుగి అడవులుండవు. బడి కూడా అక్కడే.”

“ఎన్నాళ్ళు?”

“తెలీదు.”

“వాడేమన్నాడు?”

“మీ అబ్బాయా? ‘నాన్నతో నువ్వే చెప్పు’ అన్నారు.”

“పిరికి వెధవ. అయినా, పిల్లని తీసుకుపోయే బదులు పలకలు తీసెయ్యమని నన్నడగొచ్చుగా?”

“ఎలా అడగను? ఆఖరి పలకకి మేకు కొడుతూ కన్నీళ్ళు ధారలుగా కార్చారు. అత్తయ్యగారు పోయినప్పుడు కూడా ఏడవని మనిషి! ఊరంతా చెప్పుకుంది. ఆ పలకల్ని నా నోటితో పీకెయ్యమననా?”

“ఊరికేం తెలుసు?”

“అక్కడే నిలబడ్డారేం? లోపలికి రండి. పలకలు కొట్టిన ఈ ఏడాదిలో ఒక్కసారన్నా ఈ గదిలో కూర్చోలేదు మీరు.”

“పర్లేదు. ఇక్కడ బానే ఉంది.”

“మామయ్యగారూ?”

“కొట్టులో మేకులు పీకే ఇనప కడ్డీ ఉంది. పట్రా.”

“వద్దు. మీ కన్నీళ్ళు పడ్డ—”

“ఇరవై ఏళ్ళుగా నాకూ సుగి పడదు. సుగి కోసుకు బతికేవాడు ఆ మాట ఎవరితో చెప్పుకుంటాడు? ఆ రోజు నేను ఏడవలేదమ్మా. కళ్ళు మండాయి.”