మాట్లాడే వేషం

సినిమాలకు నటీనటుల్ని ఎంపిక చేసే ఆఫీసు. ఒక కెమెరా, దాని ఎదురుగా ఒక కుర్చీ. గదిలో ఇద్దరే: ఎంపిక చేసే ఆవిడ, ఇరవై ఏళ్లుగా శవం వేషాలు వేస్తున్న పెద్దాయన.

“పడుకోమంటే ఠక్కున పడుకుంటావు, కూర్చోమంటే కూర్చోవేం బాబాయ్?”

“కూర్చుంటే నా మాట వినవు. నిలబడే చెప్తాను. ఈసారి శవం వేషం వద్దమ్మాయ్.”

“మళ్లీ మొదలెట్టావా?”

“మళ్లీ అంటావేం? ఇరవై ఏళ్లలో ఇదే మొదలు.”

“సరే, మొదలే. ఎల్లుండే షూటింగు. చుట్టూ పదిమంది ఏడుస్తుంటారు, మధ్యలో నువ్వు. ఒకటే షాటు, మూడు నిమిషాలు. నువ్వు కాక ఎవరున్నారు చెప్పు. మొన్న ఒక కొత్తవాణ్ణి పడుకోబెడితే గురక పెట్టాడు.”

“పోయిన సినిమాలో నాకూ పొట్ట కదిలింది.”

“ఎవరూ చూళ్లేదులే.”

“నువ్వు చూశావు. దుప్పటి తెప్పించి కప్పించావు.”

“చలిగా ఉందని కప్పించాను.”

“శవానికి చలేంటమ్మా?”

“అబ్బ, వదిలెయ్యి బాబాయ్.”

“ఊపిరి నిలవట్లేదు. ఇదివరకు రెండు నిమిషాలు అవలీలగా బిగబట్టేవాణ్ణి. ఇప్పుడు నలభై లెక్కపెట్టేసరికి దగ్గొస్తోంది. డాక్టరు ఈ పని మానమన్నాడు. మానేసి ఏం తినాలో ఆయన చెప్పలేదు.”

“నాకు ముందే చెప్పొద్దూ?”

“చెబితే ఇంకొకణ్ణి వెతుక్కుంటావని భయం.”

“ఇప్పుడు వెతుక్కోనా మరి?”

“వెతుక్కో. నాకు ఇదే సినిమాలో ఆ తండ్రి వేషం ఇవ్వు. రిటైరైన పోస్ట్‌మాన్, నాలుగు సీన్లు. బయట బల్ల మీద కాగితాలు చూశాను. ఇంకా ఎవరూ కుదర్లేదట కదా.”

“అది మాట్లాడే వేషం బాబాయ్.”

“తెలిసే అడుగుతున్నా. ఒక ముక్క చదవనా?”

“వద్దు, ఇప్పుడు...”

“‘ఊరందరి ఉత్తరాలూ మోశానురా. నీకు ఒక్కటి రాయడానికి చెయ్యి రాలేదు. రాస్తే నువ్వు చదివేస్తావని భయమేసింది.’ ఏం, బాలేదా?”

“బాగుంది.”

“మరి అలా తల దించుకున్నావేం?”

“బాగుంది బాబాయ్. చాలా బాగుంది.”

“ఉండదూ? నీ దగ్గరికి వచ్చేనాటికి నేను నాటకాలవాణ్ణి. మైకు లేకుండా ఆఖరి బెంచీ దాకా వినిపించేవాణ్ణి. ఆ రోజు రెండు పేజీల డైలాగు బట్టీ పట్టి వచ్చాను. నువ్వప్పుడు తలుపు దగ్గర పేర్లు రాసుకునే పిల్లవి. ‘ఇవాళ్టికి పడుకో బాబాయ్, డైలాగు రేపు వింటాం’ అన్నావు.”

“నేను మాత్రం పేర్లు రాయడానికొచ్చానా? హీరోయిన్నవుదామని వచ్చాను. ఈ ఒక్క రోజూ పేర్లు రాయమ్మా అన్నారు. ఇదిగో, ఇంకా రాస్తూనే ఉన్నాను.”

“అయినా నీకు కుర్చీ దొరికింది. ‘ఈ శవాన్ని తెచ్చిందెవరు’ అని ఆ మొదటి సినిమా డైరెక్టరు అడిగి మరీ నీకు ఈ పని ఇచ్చాడు.”

“నీ శవం మీదే ఈ ఆఫీసు కట్టుకున్నానని అనెయ్యి, పోనీ.”

“అనను. ఇన్నేళ్లూ నా పొయ్యి వెలిగిందంటే నీ వల్లే. కానీ నువ్వు చెప్పిన ఆ రేపు ఇంకా రాలేదమ్మాయ్.”

“ఈ సినిమా డైరెక్టరు ఒప్పుకోడు.”

“ముందు చూడనీ. నాలుగింటికి వస్తున్నాడుగా, ఇక్కడే ఉంటాను.”

“వద్దొద్దు. నువ్వు ఇంటికెళ్లు. నేను ఫోన్ చేస్తాను.”

“ఆ మాట ఎవరితో అంటావో నాకు తెలీదా? వరండాలో కూర్చుని ఎన్నిసార్లు వినలేదు.”

“ఆయనకి నువ్వు బాగా తెలుసు బాబాయ్. అదే చిక్కు.”

“చిక్కెందుకు? అసిస్టెంటుగా ఉన్నప్పట్నుంచీ ఆయనకి నేను తెలుసు. ఎంత మర్యాదో. సెట్లో నేను మాట్లాడకూడదు కదా, భోంచేశావా అని కూడా చేత్తోనే అడుగుతాడు. ఏంటి, అలా చూస్తావు?”

“సెట్లో మాట్లాడకూడదని నీకెవరు చెప్పారు?”

“నువ్వే. శవం వేషం కట్టినవాడు నోరు విప్పితే సినిమాకి అరిష్టం అన్నావు. గేటు దాటేదాకా ఒక్క మాట జారలేదు నేను, ఇన్నేళ్లలో.”

“అలాంటి ఆనవాయితీ ఏ సెట్లోనూ లేదు.”

“లేకపోవడమేంటి?”

“నేనే కల్పించాను. మొదటి సినిమా అయ్యాక ఇంకో డైరెక్టరు నిన్ను తాత వేషానికి అడిగాడు. ఆ వేషం వేస్తే నీ ముఖం జనానికి తెలిసిపోతుంది. తెలిసిన ముఖం శవానికి పనికిరాదు. అప్పటికి నా చేతిలో ఉన్నది నువ్వొక్కడివే. నువ్వు పోతే నన్ను మళ్లీ తలుపు దగ్గర కూర్చోబెడతారని భయమేసింది. నీకు మాట రాదని చెప్పాను.”

“మాట రాదనా?”

“మూగ, చెవులు కూడా సరిగ్గా వినపడవని చెప్పాను.”

“ఆయనొక్కడికేనా?”

“మొదట ఆయనకే. తర్వాత అడిగినవాళ్లందరికీ. ఆరుగురు అడిగారు.”

“ఆరుగురు.”

“ఒకదాన్ని కప్పిపుచ్చడానికి ఇంకొకటి, అలా పెరిగిపోయింది. పోయినేడు ఈ డైరెక్టరే నన్ను స్టేజీ ఎక్కించి, మూగవాడికి ఇన్నేళ్లుగా అన్నం పెడుతున్న మనిషని అందరిచేతా చప్పట్లు కొట్టించాడు. సిగ్గు లేకుండా నవ్వుతూ నిలబడ్డాను.”

“ఆరుగురు అడిగారా నన్ను?”

“తిట్టు బాబాయ్. కొట్టినా పడతాను.”

“ఏ ఒక్క వేషం దొరికినా మా ఆవిడ చూసి పోయేది. ఒక్కసారి నా గొంతు సినిమాలో వినాలనేది. నా కడుపు మండిపోతోందమ్మాయ్.”

“నాకు తెలుసు. కానీ ఇప్పుడు నువ్వు నోరు విప్పితే రేపట్నుంచి ఈ గడప ఎవరూ తొక్కరు. ఫలానావాడు పనికొస్తాడని నేనంటే నమ్మాలి, నా బతుకంతా ఆ నమ్మకం మీదే. విప్పకపోతే...”

“విప్పకపోతే ఎల్లుండి మూడు నిమిషాలు.”

“ముందు చూస్తే నుయ్యి, వెనక చూస్తే గొయ్యి. నేనేం చెయ్యను?”

“నన్నడుగుతావేం? తలుపు కొడుతున్నారు, చూడు.”

“ఆయనే. బాబాయ్, నీ కాళ్లు పట్టుకుంటాను.”

“లే. లేచి తలుపు తియ్యి.”

“నమస్కారం మేడమ్. పెద్దాయన కూడా ఉన్నారే. ఎల్లుండి షాటు గురించా?”

“అవును సార్. అంటే, ఆయన... మీరు కూర్చోండి సార్. టీ చెప్తాను.”

“ఆయనకీ చెప్పండి. పంచదార వెయ్యాలో వద్దో కాస్త సైగ చేసి కనుక్కోండి. మీ సైగలైతే ఆయనకి బాగా అర్థమవుతాయి.”

“పంచదార వద్దు బాబూ. పాలు కొంచెం ఎక్కువ పొయ్యమనండి.”