నెమ్మదమ్మ మీద తువ్వాలు

హాల్లో అల్లుడూ, ఈమధ్యే కూతురింటికి వచ్చి ఉంటున్న అత్తగారూ. మధ్యలో బల్ల. బల్ల మీద గాజుపెట్టె. దాని మీద తువ్వాలు.

"పొద్దున్నుంచీ మబ్బే, బాబూ."

"అవునత్తయ్యా. మబ్బే."

"కురవదు, పోదు."

"సూర్యుడొకసారి తొంగిచూసి మళ్ళీ ముసుగు తన్నాడు."

"ముసుగంటే గుర్తొచ్చింది. ఈ తువ్వాలు మీరు కప్పారా?"

"మీ అమ్మాయి. చీకటితోనే ఆస్పత్రి డ్యూటీకి పోతూ కప్పింది. తియ్యొద్దంది. మీరు తియ్యలేదు కదా?"

"నేనెందుకు తీస్తాను! మీరో?"

"ఛ ఛ."

"పడుకున్నట్టుంది, నెమ్మదమ్మ."

"పడుకునే ఉంటుంది. పడక దానికిష్టం."

"సాలెపురుగుల్లో ఇంత సాధువు ఉండదట. అమ్మినవాడే చెప్పాడటగా, కొత్తగా పెంచేవాళ్ళకి ఇదే మంచిదని."

"అరచెయ్యంత ఉంటుంది గానీ..."

"ఒళ్ళంతా వెంట్రుకలు గానీ..."

"మనసు వెన్న."

"వెన్నే, వెన్నే. బాబూ, మీరు కాస్త ధైర్యంగా ఉండాలి."

"దేనికత్తయ్యా?"

"ఊరికే. మగమనిషన్నాక ధైర్యంగా ఉండాలి."

"మీరూ ఉండాలి."

"నాకెందుకు?"

"ఊరికే."

"ఒకటడుగుతాను. మాట తగులుతుందంటారా?"

"ఎవరికి?"

"పురుగుకి. 'ఎప్పుడు చస్తావే' అని ఎవరైనా విసుక్కున్నారనుకోండి. తెల్లారేసరికల్లా..."

"ఎవరు విసుక్కున్నారు?"

"ఎవరో. పక్కింట్లో."

"మాటకే చచ్చేటట్టయితే మా లైన్‌మెన్ నోళ్ళకి మా ఇంజనీరు ఎప్పుడో పోవాలి. నేనూ ఒకటడుగుతాను. తిండి లేకపోతే ఎన్నాళ్ళుంటుంది?"

"మీరే పెడుతున్నారుగా కీచురాళ్ళు?"

"పెడుతున్నా, పెడుతున్నా."

"మూత తీసి?"

"మూత... తీసి."

"చేత్తోనే?"

"తియ్యలేదత్తయ్యా! ఒక్కసారి కూడా తియ్యలేదు. డబ్బాలో కీచురాళ్ళన్నీ కిటికీలోంచి వదిలేశాను."

"ఆఁ! రాత్రిళ్ళు ఇంటి చుట్టూ ఆ కచేరీ మీదేనా? నా చెవులు పోతున్నాయనుకున్నాను!"

"అమ్మాయికి చెప్పకండి."

"అయితే చంపింది నా నోరు కాదన్నమాట. మీరు పెట్టిన పస్తు."

"చంపడమేంటి? మీరు చూశారా?"

"చూశాను. తువ్వాలు కొస ఎత్తితే, వెల్లకిలా పడి, కాళ్ళు పైకెత్తి. నా గుండె ఆగిపోయింది."

"నేనూ చూశాను. తెల్లారగట్లే, తువ్వాలెత్తి. మీకెలా చెప్పాలా అని అప్పట్నుంచీ మబ్బుని చూస్తూ కూచున్నా."

"నాకు చెప్పడానికేం?"

"మీకు కాలక్షేపమదేగా! పగలంతా దానితోనే కబుర్లాడుకుంటుంది అమ్మ, తీసేస్తే బెంగ పెట్టుకుంటుంది అని మీ అమ్మాయి..."

"కబుర్లా! ఈ గదిలోకి గోడకి ఆనుకుని వస్తాను నేను! మీకదంటే ప్రాణం అంది. చిన్నప్పట్నుంచీ కోరికట. కాదంటే ఆయన చిన్నబుచ్చుకుంటారు, నోరు మూసుకో అంది."

"నాకా? నాకు బల్లి అంటేనే పడదత్తయ్యా!"

"స్తంభాలెక్కుతారు. కరెంటు తీగలు పట్టుకుంటారు!"

"తీగకి కాళ్ళుండవుగా."

"అయ్యో రాత. పొద్దున్నుంచీ నా ప్రాణం నా దగ్గర లేదు బాబూ. అల్లుడు ముద్దుగా పెంచుకునేదాన్ని నోరు పారేసుకుని చంపాను, ఇక ఈ ఇంట్లో ఏ మొహం పెట్టుకుని ఉండను, మూట సర్దుకోవాల్సిందే అని... పెట్టె సగం సర్దాను కూడా."

"పెట్టె సర్దారా? ఈ పురుగు కోసమా?"

"మరి అన్నం సయించదుగా. అల్లుడి మొహం చిన్నబోతే."

"విప్పెయ్యండి. ముందా సర్దింది విప్పెయ్యండి."

"విప్పుతాలెండి. అయితే ఇది ఎవరిది మరి?"

"ఇంకెవరిది?"

"అమ్మ దొంగా! ఇన్నేళ్ళు కుట్టుమిషను తొక్కింది నేను. నన్నూ మిమ్మల్నీ ఒకే సూదితో కుట్టింది అది."

"పోనీలెండి, పీడ వదిలింది. రాగానే చెప్పేద్దాం, ఇంకోటి తేవద్దని."

"చెప్పండి."

"మీరు చెప్పండి. కన్నవారు."

"కట్టుకున్నవారు మీరు."

"ముందు నిజంగా పోయిందో లేదో చూద్దాం. తువ్వాలు తియ్యండి."

"మీరు తియ్యండి."

"చెరో కొసా."

"ఊఁ. ఒకటి... రెండు..."

"మూడు!"

"బాబూ."

"ఆఁ."

"రెండున్నాయి."

"రెండున్నాయత్తయ్యా."

"ఒకటి చచ్చింది. ఒకటి నన్నే చూస్తోంది!"

"మూత వేసినట్టే ఉందే!"

"కప్పండి! కప్పండి! కప్పండి!"

"ఏంటా కేకలు? వీధి మలుపులోకే వినపడుతున్నాయి. అమ్మా, కుర్చీ ఎందుకెక్కావు? ఏమండీ, చేతిలో ఆ చీపురేంటి?"

"వచ్చావా తల్లీ. నీ నెమ్మదమ్మ చచ్చిందే. చచ్చి, దెయ్యమై తన పక్కనే తను కూచుంది."

"జరగండి, చూడనివ్వండి... అమ్మా! విడిచేసింది! తోలు విడిచేసింది! ఇవాళో రేపో అనుకుంటూనే ఉన్నా. పొట్ట నల్లబడింది, ఒళ్ళు మందగించింది. పాత తోలు విప్పుకోవాలంటే ఇలాగే వెల్లకిలా పడుకుంటుంది. అప్పుడు కదపకూడదనే తువ్వాలు కప్పాను. ఇదిగో, ఇది ఒట్టి తోలు. అదిగో, అది మన పిల్ల."

"చావలేదా?"

"చావడమేంటమ్మా. తోలు విడిచే ముందు తిండి కూడా మానేస్తుంది. ఏమండీ, మీరు పెడుతున్నా తినట్లేదు కదూ?"

"తినలేదు. అస్సలు ముట్టుకోలేదు."

"ఏదీ, ఆ తోలు ఇలా ఇయ్యి."

"పట్టుకుంటావా అమ్మా?"

"విప్పేసిన గుడ్డకి భయమేంటే! అబ్బ... ఎనిమిది చేతులు. కొసల దాకా ఊడదీసింది, ఒక్కచోట చిరగలేదు. చెమటకి అంటుకున్న జాకెట్టు ఇంత నేర్పుగా విప్పినమ్మని చూళ్ళేదు నేను."

"కోరలు కూడా కొత్తవేనమ్మా. గట్టిపడేదాకా, ఓ వారం పది రోజులు, ఏమీ పెట్టకూడదు."

"పళ్ళు రాని పిల్లన్నమాట."

"అమ్మా, ఏమండీ, ఇద్దరూ ఒకసారి ఇటు చూడండి. ఆ కేకలు విన్నాక నాకు అనుమానంగా ఉంది. మీకిదంటే నిజంగా భయమైతే ఇవాళే తెచ్చిన చోట ఇచ్చేస్తాను. ఏడవను. నిజం చెప్పండి."

"చెప్పండి బాబూ."

"మీరు పెద్దవారు. మీరే చెప్పండి."

"నాకేం భయమే! అల్లుడుగారికి అదంటే ప్రాణం. చిన్నప్పట్నుంచీ కోరికట. కాదంటే చిన్నబుచ్చుకుంటారు."

"అత్తయ్యకి అదే కాలక్షేపం. పగలంతా కబుర్లు దానితోనే. తీసేస్తే బెంగ పెట్టుకుంటారు."

"...ఎవరు చెప్పారు మీకివన్నీ?"

"ఎవరో. పక్కింట్లో."

"అమ్మా, అదీ..."

"కంచాలు పెట్టవే. తినేటప్పుడు మాట్లాడకూడదు."

ముగ్గురూ మాట్లాడకుండా తిన్నారు. తువ్వాలు మళ్ళీ ఎవరూ కప్పలేదు.