వాగు దిక్కు చూపిన బాణం

మళ్ళ లేస్తవేంది పెద్దయ్యా? కూసో. వాగు కాడికి పోయి నువ్వేం చేస్తవ్? ఆడ పోలీసులున్నరు, ఈతగాళ్ళున్నరు. నీ కాళ్ళు చూసుకున్నవా, నడిచి నడిచి పొక్కులెక్కినయ్. నీ ఇంటామె తీరుగ నువ్వు గూడ తప్పిపోతె ఇగ నేను మైకుల ఎవర్ని ఎవరికోసం పిలవాలె?

ఆఁ, కంప్యూటర్ల బాణం వాగు దిక్కే చూపెట్టింది. కాదంటలేను. ఆ మాట నీకు చెప్పింది గూడ నేనే. పొద్దటిసంది అది అటే చూపెడ్తాంది. గని ఇప్పుడు ఆ పిల్ల, అగో కంప్యూటర్ ముందట వంగి కూసున్న సింధు, బాణం మీదనే అనుమానపడ్తాంది. అందుకే కూసో అంటాన.

అది మంచికా చెడుకా అంటె నేనేం చెప్పాలె? నేను బళ్ళె పాఠం చెప్పుకునేటోన్ని. జాతర ఐపోయేదాక ఈ తప్పిపోయినోళ్ళ డేరాల డ్యూటీ ఏసిన్రు. పేర్లు రాసుడు, మైకుల చదువుడు, గంతే నా పని. రాజమౌళి సారు అని పొద్దుగాల చెప్పిన, నీ పరేషాన్ల నీకేం యాదికుంటది.

సింధుది కాశిబుగ్గ. వాళ్ళ నాయిన మగ్గం నేస్తడు. హన్మకొండల ఓ చిన్న కంపెనీల చేస్తది. ముసలోళ్ళకు, చిన్నపిల్లలకు చేతికి పట్టీ కట్టుడు, ఎవరన్న తప్పిపోతె ఆ పట్టీ ఏ దిక్కున్నదో బాణంతోని చూపెట్టుడు, ఇదంత ఆమె తలకాయల పుట్టిన ముచ్చటనే. బ్లూటూతట. ఫోన్ల పాటలు వినెటందుకు చెవుల పెట్టుకుంటరు గద, అసొంటిదే. మేడారం అంత పెద్దది కాదు గదా మన జాతర, ఒకసారి చూద్దామన్నరు పెద్దమనుషులు.

మీ ఇంటామె లక్ష్మీనర్సమ్మకు పొద్దుగాల ఆమెనే కట్టింది పట్టీ. చెవులు సరిగ్గ వినరావు, మతి గూడ నిలువదని నువ్వు చెప్తె, "గిట్లాంటోళ్ళ కోసమే సార్ ఇది" అని నా దిక్కు చూసి నవ్వింది. ఇప్పుడు చూడు ఆ పిల్ల మొఖం. ముందట పెట్టిన చాయ్ మీద తరకలు గట్టినయ్.

ఏం చేస్తాంది అంటవా? చెప్త. ఊకె కూసుంటె నీకు వాగే కనపడ్తది.

ఆ గుంజ మీద తెల్ల డబ్బా ఉన్నది చూడు. దాన్ల వరుసగ చెవులున్నయనుకో. పట్టీ ఏం చేస్తదంటె, మనకు వినరాని సన్నని కూత పెడ్తది. ఒక్క తీరుగ, ఎక్కువ తక్కువ లేకుంట. డబ్బా ఒక చెవి మూసి ఇంకో చెవి తెరుసుకుంట, ఒక్కో చెవితోని ఆ కూతల తునక పట్టుకుంటది. ఏ చెవికి ముందు తాకింది, ఏ చెవికి ఎనక తాకింది, ఆ జరంత తేడాతోని దిక్కు లెక్క గడ్తది. చీకట్ల కోడి కూస్తె నీ మెడ అటే తిరగదా? గదే ఇది.

మరి తప్పు ఎట్ల చూపెడ్తది అంటె...

ఇగో, మా బళ్ళె ముచ్చట చెప్త విను. ఓ ఏడు కొత్త సారు వచ్చిండు. మంచోడే, గని నిలకడ లేదు. హాజరు పిలుస్తాండు. "వరలక్ష్మి" అంటడు. ఆ పిల్ల పలక పక్కకు పెట్టి లేచి "ఉన్న సార్" అనేలోపే "సుదర్శన్" అంటడు. వరలక్ష్మి జవాబు సుదర్శన్ పేరుకు పడ్డది. వాడు మేనమామ ఊరికి పోయి ఉన్నడు, బళ్ళె ఉన్నట్టు రాసిండు. కండ్ల ముందట కూసున్న పిల్లను రాలేదన్నడు. ఆ పొద్దు సారు వరలక్ష్మి ఇంటికి పోయి, మీ బిడ్డ బడి ఎగ్గొట్టింది అని చెప్తె, వాళ్ళమ్మ పిల్లను కట్టెతోని కొట్టింది. పిల్లలు అబద్ధమాడిన్రా? ఆడలే. సారు కావాలని రాసిండా? రాయలే. జవాబు కుదురుకోనియ్యలే. గంతే.

ఇందాక ఈ ముచ్చట చెప్తె సింధు తల ఎత్తి నన్ను చూసింది. "గిదే సార్, గిదే ఐతాంది. ఒక చెవి నుంచి ఇంకో చెవికి మారినంక జర నిలబడాలె. నిలబడకముందే తునక పట్టుకుంటాంది. సగం ఈ చెవిది, సగం ఆ చెవిది" అన్నది.

నిన్న మాపటీలి పాత డబ్బా కాలిపోయిందట. అప్పటికప్పుడు హన్మకొండ నుంచి కొత్తది తెప్పించి ఎక్కిచ్చిన్రు. కొత్త దాని చెవులు నిమ్మలంగ మారేటియట. లోపటి లెక్క పాతదానిదే ఉండిపోయింది. బాణం కనపడ్డది, సంబురపడ్డరు. ఓ తావుల మనిషిని నిలబెట్టి, బాణం అటే చూపెడ్తాందా అని చూసుకున్నరా? చూసుకోలే. జాతర మొదలైపాయె, జనం వచ్చుడైపాయె.

తప్పని ఎట్ల తెలిసింది అంటవా? మన హోంగార్డు కుమారస్వామి లేడా, పొద్దుగాల నీతోని వాగు దాక వచ్చినాయన. వాగంత గాలిచ్చి తడిసిపోయి వచ్చిండు. సింధుకు ఏమనిపిచ్చిందో, ఇంకో పట్టీ తీసి ఆయన చేతికి కట్టి, ఎదురుంగ ఆ మిర్చీల బండి కాడ నిలబెట్టింది. బాణం చూస్తె వాగు దిక్కే ఉన్నది. "మేడం, నేనీడ మిర్చీలు తింటాంటె మీ డబ్బా నన్ను వాగుల ముంచింది" అన్నడు. ఎవ్వరం నవ్వలే.

అప్పటిసంది ఆ పిల్ల కంప్యూటర్ ఇడ్వలే. ఎందుకో తెలుసా? పొద్దుగాల బాణం వాగు దిక్కు తిరిగినప్పుడు "పక్కానా బిడ్డా?" అని అడిగిన. "పక్కా సార్" అన్నది. ఆ ఒక్క మాటకు ఉన్న మనుషులందర్ని అటే తోలినం. తల్లిని నిలిపిన గద్దెల కాడ ఒక్కన్ని పెట్టలే. అడవి తొవ్వల ఒక్కన్ని పెట్టలే. అదే ఇప్పుడు ఆమెను కొరుకుతాంది. నోరు తెరిచి అంటలేదు, గోర్లు కొరుక్కుంటాంది చూడు.

ఏంది సింధూ? వచ్చిందా?

పెద్దయ్యా, జర ఇటు జరుగు, నీకు గూడ కనపడ్తది. తెర మీద ఆ చుక్కలు చూడు, ఒక్కో చుక్క ఒక్కో తునక కొలతనట. ఇందాకటిదాక పిల్లలు తొక్కిన ముగ్గు లెక్క చెదిరి ఉండె. చెవి మారినంక జర ఆగి తునక పట్టేటట్టు చేసింది. ఇప్పుడు చుక్కలు గుండ్రంగ నిలబడ్డయ్. ఇదట సరైన కొలత.

కుమారస్వామీ, అటు నడువు. ఇంకా. ఇప్పుడు ఇటు రా. చూస్తానవా పెద్దయ్యా, బాణం ఆయన ఎంబడే తిరుగుతాంది. బండి ఎనకకు పోతె బండి ఎనకకే.

ఇగ ఈ పెద్దయ్య ఇంటామెది పెట్టు బిడ్డా.

...గద్దెలు. వాగు కాదు, గద్దెల దిక్కు. వాగుల లేదు పెద్దయ్యా, నీ ఇంటామె నీళ్ళల్ల లేదు. ఏడ్వకు. కుమారస్వామి ఉరుకుతాండు చూడు. ఎంత దూరమో ఇది చెప్పది, దిక్కే చెప్తది, గని గద్దెల కాడ ఎంతసేపు పడ్తది చెప్పు? మొఖం కడుక్కోని కూసో. ఆమె నిన్ను చూసి భయపడ్తది.

ఇగో, ఫోను.

ఆఁ, చెప్పు కుమారస్వామీ. ఎక్కడ? తల్లి ముందటనా? ముసలామె ఎవరన్న ఉన్నరా ఆడ? ఎంతమందుంటె ఏంది, చేతులు చూడు, పట్టీ ఎవరి చేతికి... ఏంది? మళ్ళ చెప్పు. దేనికి? సరే. తీసుకరా. ఆఁ, గదే తీసుకరా అంటాన గద.

పెద్దయ్యా. ముందు ఈ నీళ్ళు తాగు. తాగు.

పట్టీ దొరికింది. మనిషి లేదు.

తల్లి ముందట బెల్లం ముద్దల కుప్ప ఉంటది గద, అందరు బెల్లాన్నే బంగారమని తెచ్చి పోసే తావు. ఆ కుప్పల ఓ ముద్దకు కట్టి ఉన్నదట. పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి. బాణం అబద్ధం చెప్పలే ఈసారి.

ఎందుకు ఇప్పింది అని నన్ను అడిగితె ఏం చెప్తా? ఆ పిల్లను అడుగు. అడగకు లే, ఆమెనే చెప్తాంది, విను. పొద్దుగాల పట్టీ ఒరుస్తాందని మీ ఇంటామె గుంజి పీకబోయిందట. అప్పుడు సింధు చెవి కాడ నోరు పెట్టి, "అవ్వా, ఇది తల్లి కంకణం, తియ్యద్దు" అన్నదట. ఉంచుకుంటదని చెప్పింది. ఉంచుకున్నది గూడ. దర్శనమయ్యేదాక ఉంచుకున్నది. మొక్కు తీరినంక కంకణం ఏం చేస్తరు పెద్దయ్యా? ఇప్పి తల్లికి అప్పజెప్తరు. ఎన్నో మరిచిపోయింది అంటవు గని, ఇది మరువలే ఆమె.

సింధూ, ఊకో. నువ్వు ఏడిస్తె ఈ పెద్దమనిషి ఏం గావాలె?

పొద్దుగాల్నే బాణం సరిగ్గ చూపెడితె ఆమె ఆడ్నే దొరికేదా అని అడుగుతానవు. నేను గూడ అడిగిన. పొద్దటి చుక్కలన్నీ దాచి ఉన్నయట, వాటిని మళ్ళ లెక్క గట్టు, ఎప్పుడు ఏ దిక్కున్నదో తేలుతది అన్న. ఆ పిల్ల తల అడ్డంగ ఊపింది. కొలిచేటప్పుడే చెదిరింది ఇగ చెదిరిందేనట. అప్పుడు పట్టీ ఆమె చేతికి ఉన్నదో, బెల్లానికి ఉన్నదో, ఇగ ఎవ్వరికీ తెల్వది. సింధుకు తెల్వది, నీకు తెల్వది. మీరిద్దరు బతికినన్ని రోజులు మనసుల ఇదే అడుగుకుంటరు.

సరే, ఇగ మైకున్నది. పాత పద్ధతే. ఆమెకు వినరాదు, అయినా చూసినోళ్ళు పట్టుకొస్తరు. ఆనవాలు చెప్పు. ఫోటో ఉన్నదా? ఆధార్ కార్డున్న సంచి ఆమె సంకలనే ఉన్నదా. సరే, ఏ రంగు చీర కట్టింది?

బాణం ఉన్నదని పొద్దటిసంది ఈ మాట ఎవ్వరం అడగలే. ఏ రంగు?

యాదికి చేసుకో, ఫికర్ లేదు, నిమ్మలంగ. తెల్లారకముందే కట్టుకున్నదా. బస్సుల నీ పక్కనే కూసున్నది గద. ఊహుఁ?

సింధూ, నువ్వు చూసినవా బిడ్డా? చెయ్యి చూసిందట. పట్టీ బిగువున్నదా వదులున్నదా అని మణికట్టు చూసిందట. నేనా? నేను అప్పుడు ఆమె పేరు రాస్తాన. ఆమె దిక్కు చూడలే.

అట్ల నేల చూడకు పెద్దయ్యా. నిన్నేమంట లేను. మా ఇంటామె ఇయ్యాల పొద్దుగాల ఏ రంగు కట్టిందో చెప్పుమంటె నేను చెప్తనా?

ఇటు ఇయ్యుండ్రి ఆ మైకు. లక్ష్మీనర్సమ్మ, రఘునాథపల్లి. ముసలామె. చెవులు వినరావు. గంతేనా? గంతే. ఇసొంటి ముసలమ్మలు ఈ జాతర నిండ ఉన్నరు.