ముసలి బుల్డోజర్ ఈ ఉదయం ఎందుకు వేడెక్కలేదు

సభకు పెద్దగా కూర్చున్న డైరెక్టర్ తౌహామీ గారికి, గని కార్మిక సంఘం పెద్దలకు, వంటశాలలో కూస్‌కూస్ పళ్లాలు సర్దుతూ చెవులు మాత్రం ఇటే పెట్టిన ఆడవాళ్లకు, ముందు వరుసలో తెల్లటి కొత్త జుబ్బాలో ఇబ్బందిగా కదులుతున్న మా ఫోర్‌మన్ బెల్గాసెమ్ గారికి, అందరికీ సలాం.

నా పేరు నజ్వా అని మీ అందరికీ తెలుసు. వర్క్‌షాప్‌లో ఇంజనీరుగా చేరిన రోజు నుంచీ బెల్గాసెమ్ గారికి మాత్రం నేను 'కాలేజీ పిల్ల'నే. ఈ రోజుతో ఆయన ఉద్యోగం అయిపోతోంది కాబట్టి నాలుగు మంచి మాటలు చెప్పమని నన్ను పిలిచారు. తీరా వస్తుంటే మెట్ల దగ్గర డైరెక్టర్ గారు ఆపి, "ఆ అవ్వ సంగతి కూడా మైకులోనే తేల్చెయ్యమ్మా, అందరూ ఉంటారుగా" అన్నారు. పొగడడానికి సిద్ధపడి వచ్చిన నేను తీర్పు చెప్పాల్సి వచ్చింది. అందుకని కాస్త గందరగోళంగా మాట్లాడితే క్షమించండి.

అవ్వ అంటే మన ఫాస్ఫేట్ గనిలోని పాత బుల్డోజర్. ఈ వేసవి అంతా మట్టిగుట్ట సగం ఎక్కేసరికి నీళ్లు మరిగి పొగలు కక్కడం, ఆపరేటర్ హఫ్నావీ గారు దిగి సిగరెట్ ముట్టించి అది చల్లారేదాకా దాని నీడలోనే కూర్చోవడం. ఫోర్‌మన్ వీడ్కోలు నాటికి మరగకుండా గుట్ట ఎక్కితే సరి, లేదంటే తుక్కుకే అని డైరెక్టర్ గారు ముందే చెప్పారు. అవ్వ వెళ్తే హఫ్నావీ గారు గేటు దగ్గరికి వెళ్లాలి. ఆయనకు చెవులు సరిగా వినపడవు, అవ్వ ఇంజను నాడి సీటులోంచి ఒంటికి తెలుస్తుంది గానీ, కూతలు పెట్టి హెచ్చరించే కొత్త బండ్లు ఆయనకివ్వరు. మొన్న టీ తాగుతూ నాతో అన్నారు: "చెవిటోణ్ణి గేటు కాపలా పెడతారంట బిడ్డా. హారన్ కొట్టానని లారీయే నా మీదకొచ్చి చెప్పాలి." (నవ్వులు)

ఈ ఉదయం అవ్వ గుట్ట ఎక్కింది. దిగి, మళ్లీ ఎక్కింది. మరగలేదు. మీరంతా ఈలలు వేశారు. కింద నిలబడి నేనొక్కదాన్నే ఏమీ అర్థం కాక చూస్తున్నాను.

మన ఊళ్లో ఎవరికైనా జబ్బు చేస్తే ఏం చేస్తాం? ఒకరికి తెలియకుండా ఒకరం మందు పట్టుకెళ్తాం. అవ్వకూ అదే చేశాం. నేను రేడియేటర్ కడిగాను, పిండిలాంటి ఫాస్ఫేట్ దుమ్ము బురదై కారింది. "ఈ ఎండలకు ఇదెందుకు" అని ఎవరో ఏనాడో పీకేసిన థర్మోస్టాట్‌ను ఎలక్ట్రీషియన్ రిద్‌హా మళ్లీ పెట్టాడు; అది లేకపోతే నీళ్లు రేడియేటర్ ముఖం చూడకుండా పక్కదారిన తిరిగిపోతాయి. హఫ్నావీ గారు జారుతున్న ఫ్యాన్ బెల్టు మార్చారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, ఈ ఉదయం గుట్ట కిందే అన్నీ బయటపడ్డాయి. ఇప్పుడు నయం చేసింది ఏ మందు? ఒక్కసారి ఒక్కటే మార్చి చూడాలని కాలేజీలో నేర్చుకున్నాను, ఇక్కడ అది ఒక్కనాడూ కుదరలేదు.

అంతలో అవ్వ చుట్టూ తిరిగితే, చక్రాల చుట్టూ తిరిగే ఇనుప చైను కాస్త వేలాడుతూ కనిపించింది.

(ముందు వరుసలో గుసగుసలు)

అవును. చైను బిగుతుగా ఉండాలన్నది బెల్గాసెమ్ గారి శాసనం. గడ్డపారతో కొడితే గంటలా మోగాలి. మరీ బిగిస్తే ఇంజను సగం బలం తన చైను తిప్పుకోవడానికే పోతుందనీ, ఆ శ్రమంతా వేడై కూర్చుంటుందనీ నేను మొదటి వారమే వాదించాను. "నీ పుస్తకంలో చైను ఊడి మనిషి మీద పడిందా?" అన్నారాయన. ఆ గుట్ట మీదే ఒకప్పుడు వదులు చైను ఊడి, బండి పక్కకు జారి, ఆయన బావమరిది నడక పోయిందని తర్వాత తెలిసింది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

మరి ఈ పొద్దున దాన్ని వదులు చేసిందెవరు? ఊడేంత కాదు, సరిగ్గా ఉండాల్సినంత. వదులు చేయాలంటే పక్కనున్న వాల్వు తిప్పాలి, అప్పుడు చైనును బిగించి ఉంచిన గ్రీజు బయటికి చిమ్ముతుంది. బెల్గాసెమ్ గారూ, ఆ కుడి చెయ్యి బల్ల కిందే ఉంచుకోండి, పర్లేదు. మీ కొత్త జుబ్బా అంచు మీద మరక నేను లోపలికి వస్తూనే చూశాను. (నవ్వులు)

బెల్గాసెమ్ గారి భార్య యామినా పిన్ని వంటశాల గుమ్మంలోంచి ఏదో అంటున్నారు... "తెల్లారగట్లే గడ్డం గీయించుకోడానికెళ్తున్నానన్నాడమ్మా. గడ్డం చూస్తే అలాగే ఉంది." (పెద్దగా నవ్వులు)

నాకు నవ్వు రావడం లేదు. ఏం వస్తోందో కూడా తెలియడం లేదు. నా మాట నెగ్గిందని సంతోషించాలా? తన చేత్తో బిగించుకున్న భయాన్ని ఆఖరి రోజున, ఎవరూ లేని వేళ, పండగ బట్టల్లో వచ్చి వదులు చేసుకున్నారే అని బాధపడాలా? హఫ్నావీ గారి కోసమా, నా వాదన కోసమా? రోజూ పోట్లాడిన మనిషి వెళ్లిపోతుంటే రేపటి నుంచి ఎవరితో పోట్లాడాలో అదీ తెలియడం లేదు.

డైరెక్టర్ గారూ, నిజం చెప్తున్నాను, అవ్వకు ఏది పనిచేసిందో నాకు తెలియదు. ఒక్కొక్క మందూ తీసేసి, ఒక్కొక్కసారి గుట్ట ఎక్కించి చూడాలి. కోలుకుంటున్న రోగిని తుక్కుకు పంపరు కదా, అప్పటిదాకా ఉండనివ్వండి. ఆ లెక్కన చైను కూడా మళ్లీ బిగించి చూడాలి. దానికి బెల్గాసెమ్ గారి అనుమతి...

ఆయన లేచారు. మైకు అక్కర్లేదంటున్నారు.

"మిగతావన్నీ విప్పుకో పిల్లా. చైను మాత్రం ముట్టుకోకు."

(చప్పట్లు)

డైరెక్టర్ గారు తలూపుతున్నారు. ఉండనివ్వమంటున్నారు. "ఏంటంటున్నారు?" అని హఫ్నావీ గారు పక్కవాళ్లను అడుగుతున్నారు. ఎవరైనా ఆయన చెవిలో గట్టిగా చెప్పండి, గేటు దగ్గరికి వెళ్లక్కర్లేదని.

చైను బిగించి చూడను కాబట్టి అవ్వ ఎందుకు చల్లబడిందో నాకు ఎప్పటికీ పూర్తిగా తెలియదు. బెల్గాసెమ్ గారూ, రేపటి నుంచి ఆ చైను నేను చూసుకుంటాను, మీరు విప్పినంతే ఉంచుతాను. ఓపిగ్గా విన్నందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. ఇక చల్లారకూడనిది కూస్‌కూస్ ఒక్కటే. సెలవు.