దళవాయి కత్తి, సుంకన్న నోరు

"నీ నోట్లో మన్ను బడ! నీ కాలికి ఎండికడెం తొడిగిన దొర దండునే తిడతావా? ఆ కడెం పీక్కోని మనల్ని ఊర్నుంచి తరిమితే యాడికి పోదాం?" అని మారెక్క మొగుని మీదికి సంగటి తెడ్డు ఎత్తిందంట. మొగుడెవురనుకున్యారు? బోయ సుంకన్న. పగోళ్ల కొండకోట గోడెక్కి లోపలినుంచి తలుపు తీసిన మొనగాడు. అందుకే దొర సబలో కడెం తొడిగినాడు. సరే, తొడిగించుకున్నోడు గమ్మునుండొచ్చు గదా? ఉండడే! మంగలి అరుగు మీద కుచ్చోని, "మాది దండా అబ్బా? పెండ్లివారి గుంపు! ఆ పొద్దు నేను గోడెక్కింది పౌరుషంతో కాదు. కిందనుంచి మన తుపాకులోళ్లు మననే కాలుస్తాంటే పానభయంతో ఎక్కినా" అంటాడంట. వినేటోళ్లు పొట్టలు పట్టుకోని నగుతారు. ఇప్పుడు మీరు నగినట్లే అనుకోండి.

అంతటితో నిలిచినా బాగుండు. ఏమైందంటే, దసరా ముందర, "మన దళవాయి ఏటేటా కత్తుల్ని ఒరలోనే పెట్టి పసుపునీళ్లు పోసి పూజ జేపిస్తాడు. బయటికి దీస్తే అమ్మోరికి కోపమంట! లోపల తుప్పుబట్టి సచ్చినాయి" అనేసినాడు. దళవాయంటే దండుకంతా పెద్ద గదా, ఆ మాట చెవిన బడంగానే ఆయప్ప మీసం వణికిందంట. దొర కాడికి పోయి, వీని కడెం పీకి ఊర్నుంచి తరమల్ల సామీ అన్న్యాడు. దసరా నాడు కోట ముందర పూజకాడ, అందురూ చూస్తాంటే, దొర సుంకన్నను నిలబెట్టి, "ఏమిరా, రుజువు జేస్తావా, మూట గట్టుకుంటావా?" అన్న్యాడు. ఎనకాల మారెక్క ఏడుస్తాంది. అయినా ఆ నోరు ఊరుకుంటాదా? "దళవాయప్పనే కత్తి దూసి పూజకు పెట్టిన ఆ గుమ్మడికాయ కొట్టమనండి సామీ" అనేసింది.

దళవాయి పిడి బట్టి లాగినాడు. రాలే. ఇద్దురొచ్చి ఒర పట్టుకున్యారు, లాగినారు. రాలే. నలుగురొచ్చినారు. తిరునాళ్లలో తేరు లాగినట్లు లాగితే, పిడి ఊడొచ్చి దళవాయి పోయి కుంకం తట్టలో కూలబడినాడంట! కత్తి మాత్రం ఒరలోనే సల్లగా పండుకోనుంది.

దొర నగు ఆపుకోని, "సుంకా, ఇంక నువ్వే దళవాయివి. కానీ నోరు మాత్రం మూసుకోవల్ల" అన్న్యాడు. సుంకన్న జవాబు చెప్పే లోపలే మారెక్క ముందుకొచ్చి, "వద్దు సామీ, అది అయ్యే పని కాదు. ఈయప్ప నిద్రలో గూడా దండునే తిడతాడు" అనిందంట. ఇంగేం జేస్తాడు దొర? కడెం కాలికే ఉండనిచ్చి, ఏటేటా దసరా పూజకు ముందర సుంకన్న వచ్చి దండును కడుపునిండా తిట్టిపోవల్లని దండోరా ఏపిచ్చినాడు. తిట్లు అయినాకే టెంకాయ. దండు బాగుపడిందా అంటే నాకేం తెలుసు, కత్తులైతే నిగనిగలాడినాయంట. అది అట్లుండనీ, మీ ఇంట్లో కొడవలికి కుంకం బెట్టి ఎన్నాళ్లయింది, నూరి ఎన్నాళ్లయింది?